గోదావరిఖని మంచూరియా మీమాంస

శాస్త్రం రాయబూనినవాడు ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలని పెద్దలు కట్టడి చేసిపోయారు. చదవడానికి అర్హుడెవడు, విషయమేది, సంబంధమేది, ప్రయోజనమేది. తర్కానికీ వేదాంతానికీ ఈ మర్యాద జరిగింది. గుర్రాలకూ ఏనుగులకూ కూడా శాస్త్రాలు పుట్టాయి. బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో చౌరస్తా చుట్టుపక్కల పొద్దుగూకగానే భగ్గుమని లేచే చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి వైపు మాత్రం ఏ పండితుడూ కన్నెత్తి చూడలేదు. చూసినవాళ్లు తిని, చేతులు కడుక్కుని పోయారే తప్ప కలం పట్టలేదు. ఆ లోటు పూడ్చడమే ప్రయోజనం. నాలుగింటిలో ఒకటి అప్పుడే తేలిపోయింది.

విషయం, బండి. పేరుకు బండే గాని కదలదు. చక్రాల కింద ఇటుకలు పెట్టి ఏళ్లు గడిచాయి. చక్రాల మీద రేకు డబ్బా, డబ్బా నొసట ఎర్ర డ్రాగన్. ఆ డ్రాగన్ను గీసిన చెయ్యి అంతకుముందు యూనియన్ గోడరాతలు రాసిన చెయ్యి కాబోలు, అది పిడికిలి బిగించుకుని ఉంటుంది. వెనక గ్యాస్ సిలిండర్, పక్కన ఉల్లాకు తరిగే కుర్రాడు, ముందు ప్లాస్టిక్ స్టూళ్లు. ప్లేటుకు పాలిథిన్ కవరు తొడిగి, దాని మీద నూడుల్స్ వడ్డిస్తారు. తిన్నాక కవరు తీసి పారేస్తే ప్లేటు మళ్లీ కన్యగా మిగులుతుంది. లక్ష్మీనగర్‌లో కుర్చీలు, ఏసీ, ఫ్యామిలీ సెక్షన్ ఉన్న హోటళ్లున్నాయి. అవి ఈ శాస్త్రం పరిధిలోకి రావు. అక్కడ వంటగది తలుపు వేసి ఉంటుంది, కడాయి కనపడదు. కడాయి కనపడని చోట మీమాంసకు పని లేదు.

అర్హత దగ్గర ఒక భ్రమ తొలగించాలి. ఆకలి ఉంటే చాలదా అంటే, చాలదు. ఉత్త ఆకలికి ఇంట్లో బువ్వ ఉంది, గని మీద క్యాంటీన్ ఉంది. ఈ శాస్త్రానికి ఉత్తమాధికారి రెండో షిఫ్టు దిగి, స్నానం చేసి, తల తుడుచుకున్నా నాలుక మీద బొగ్గుదుమ్ము ఇంకా మిగిలినవాడు. ఆ నాలుకకు పప్పుచారు ఆనదు. మధ్యమాధికారులు కోచింగుకు పోయి వచ్చే పిల్లలు. మందమతులు పార్శిల్ కట్టించుకునేవాళ్లు, వాళ్ల గురించి తర్వాత చెబుతాను. ఉత్తమాధికారి ఎట్లుంటాడో ఒక ఉదాహరణ. అర్ధరాత్రి కావస్తుండగా భూగర్భ గని నుంచి వచ్చిన ఓ పెద్దమనిషి మంచూరియా అడిగాడు. బండి మీద వంటచేసే మాస్టర్ రివాజు ప్రకారం అడిగాడు.

"డ్రైయా, వెట్టా అన్నా?"

"మూడింటి సంది మోకాలిలోతు నీళ్లల్ల నిలవడ్డ తమ్మీ. ఇంక వెట్టెందుకు? డ్రై ఎయ్యి."

ఇక ప్రమాణ చర్చ. బండి ఉందని ఎట్లా తెలుసుకోవాలి? పొగను చూసి నిప్పుందని తేల్చుకోమన్నారు తార్కికులు. వాళ్ల కొండ మీద ఆ న్యాయం చెల్లిందేమో గాని ఖనిలో చెల్లదు. ఇక్కడ ఎన్టీపీసీ చిమ్నీ ఉంది. గాలి తగిలితే ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే తనంతట తాను రాజుకునే బొగ్గు ఉంది. ఓపెన్‌కాస్టు టిప్పర్ ఒక్కటి పోతే లేచేది దుమ్మో పొగో గంగాధరుడికైనా తెలియదు. కాబట్టి కంటిని పక్కన పెట్టి ముక్కును ప్రమాణంగా తీసుకోవాలి. ఎల్లిపాయ మాడీ మాడకముందు వచ్చే వాసన ఒక లింగం, అంటే గుర్తు. రోడ్డుకు అవతల నడిచేవాడు మిర్చి ఘాటుకు దగ్గడం రెండో లింగం. రెండూ కలిస్తే బండి సిద్ధం, అనుమానం అక్కర్లేదు.

సంబంధం కొంచెం పెద్ద కథ. చైనాకూ బొగ్గు బెల్టుకూ సంబంధమేమిటని పూర్వపక్షం చేసేవాళ్లు మార్కో పోలోను తలుచుకోవాలి. 13వ శతాబ్దం చివర్లో ఆయన చైనాలో జనం నల్లరాళ్లను తవ్వుకొచ్చి కట్టెలకు బదులు మండించడం చూసి తెల్లబోయాడు. అదే పుస్తకంలో మోటుపల్లి రాజ్యం గురించీ రాశాడు. ఏలుతున్న రాణిని మెచ్చుకున్నాడు, వజ్రాల సంగతి, సన్నని బట్టల సంగతి చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవి. ఆమె ఏలుబడి కిందే అవే నల్లరాళ్లు పరుచుకుని ఉన్నాయని పాపం ఆయనకు ఎవరూ చెప్పలేదు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర వాటిని గుర్తించేదాకా ఆగాల్సి వచ్చింది. నల్లరాళ్లనూ చైనానూ తెలుగుదేశాన్నీ ఒకే అట్టల మధ్య చేర్చిన ఆ పెద్దమనిషే నూడుల్స్‌ను కూడా ఇటలీకి మోసుకొచ్చాడని లోకం ఒక పుకారు పుట్టించింది. అది ఉత్త కట్టుకథ. నిజమై ఉంటే మన పని ఇక్కడితో ఒడిసిపోయేది.

కాబట్టి నూడుల్స్ వేరే దారిలో రావాలి. 18వ శతాబ్దం చివర్లో వారెన్ హేస్టింగ్స్ కాలంలో అచ్చూ అనే చైనా వర్తకుడు కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున భూమి సంపాదించి చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరున ఇప్పటికీ అక్కడ అచ్చిపూర్ ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్లలో కాంటన్ వాళ్లు వడ్రంగంలో పేరు తెచ్చుకున్నారు. హక్కా వాళ్లు తోళ్ల పనిలో దిగి టాంగ్రాలో స్థిరపడ్డారు. ఇద్దరి మూలాలూ ఎక్కువగా దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లోనే, కాంటన్ నగరం ఉన్నది అక్కడే. 1962 యుద్ధమప్పుడు ఈ కుటుంబాల్లో ఎందరినో రాజస్థాన్‌లోని దేవళీ శిబిరానికి తరలించి ఏళ్ల తరబడి ఉంచారు. ఈ ఒక్క వాక్యం దగ్గర వెటకారం పక్కకు తప్పుకుంటుంది. తర్వాత చాలామంది దేశం విడిచిపోయారు, కొందరు టొరంటో చేరి అక్కడ హక్కా హోటళ్లు తెరిచారు. ఉన్నవాళ్ల చేతి వంట మాత్రం దేశమంతా పాకింది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని నాన్‌కింగ్‌లో మెతుకు కతికిన పాత తరం వాళ్లకు ఆ రుచి తెలుసు. అక్కడి నుంచి రాజీవ్ రహదారి పట్టుకుంటే నేరుగా ఖనికే.

ఈ దారి మధ్యలో బొంబాయిలో ఒక మలుపు ఉంది. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా వంటగదిలో ఎవరో కొత్త వంటకం అడిగితే అల్లం, ఎల్లిపాయ, పచ్చిమిర్చి నూనెలో వేసి, గరం మసాలా వేయవలసిన చోట సోయాసాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబెట్టి, వేయించిన కోడిముక్కలు కలిపి దానికి మంచూరియన్ అని పేరు పెట్టాడంటారు. మంచూరియా చైనాకు ఈశాన్య మూల, కాంటన్‌కు రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం. మంచూరియాలో ఈ వంటకం ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే బండి బోర్డు మీద రాసిన ఊళ్ల పేర్లన్నీ అంతే. షెజ్వాన్ పడమర, సింగపూర్ సముద్రం మధ్య, అమెరికన్ చాప్‌సూయ్ మరీ దూరం. ఈ బోర్డును పట్టుకుని గ్రూప్స్ పరీక్షకు భూగోళం చదివినవాడు ప్రిలిమ్స్ దాటడు.

నెల్సన్ వాంగ్ చేసిన సంస్కరణలో అసలు గట్టిపని గరం మసాలాను తీసెయ్యడం. ఖని మాస్టర్లు చేసిన ప్రతిసంస్కరణ దాన్ని మళ్లీ తెచ్చి వెయ్యడం. సోయాసాస్ పడ్డ తర్వాత, దించబోయే ముందు, గంటె కొసతో ఒక చిటికెడు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. వెయ్యకపోతే మాత్రం స్టూలు మీద కూర్చున్నవాడు ప్లేటు పక్కన పెట్టి "ఇయ్యాల ఏందో చప్పగున్నది మాస్టరూ" అంటాడు. కాలిఫ్లవర్ కరువైన కాలంలో వెజ్ మంచూరియాలోకి క్యాబేజీ, మైదా వచ్చి కూర్చున్నాయి, మళ్లీ లేవలేదు. అన్నం సంగతికొస్తే కాంటన్ వాళ్ల బియ్యం ఎక్కడ, మన బియ్యం ఎక్కడ? బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి సన్నబియ్యమే ఇక్కడ ఫ్రైడ్ రైస్. ముందే వండి ఆరబెట్టినది కావాలి. వేడన్నం కడాయిలో పడితే ముద్దవుతుంది. ఆరిన మెతుకు బిగుసుకుని, విడివిడిగా నిలబడుతుంది. అయితే పొద్దటి అన్నాన్ని ఎండకాలం రాత్రిదాకా బయటే ఉంచితే మళ్లీ ఎంత వేయించినా పోని విషం పుట్టించే సూక్ష్మజీవి ఒకటుంది. ఎండలు 45 దాటే ఊళ్లో ఈ ప్రమాదం నవ్వులాట కాదు. మంచి మాస్టర్ అన్నాన్ని సాయంత్రం వండి, ఫ్యాను కింద పరిచి ఆరబెడతాడు. ఆయన్ని గుర్తుపట్టడానికి ఇదొక్కటే గుర్తు చాలు.

ఇంతకీ పూర్వపక్షి అడిగేది న్యాయమైన ప్రశ్న. పేరు మంచూరియాది, బియ్యం బాపట్లది, మసాలా మనది, చాప్‌స్టిక్స్ డ్రాగన్ పక్కన బొమ్మలో తప్ప ఎక్కడా లేవు. మాస్టర్ నేపాల్ నుంచి వచ్చినవాడో, ఒడిశా వాడో, కమాన్‌పూర్ వాడో. ఇందులో కాంటన్‌ది ఏం మిగిలింది?

సిద్ధాంతం: మంట మిగిలింది.

కాంటన్ వంటవాళ్లు తమ వంటకు ప్రాణమనుకునేది సాసును కాదు. ఎర్రగా కాగిన పలుచటి ఇనుప కడాయిలో పదార్థం క్షణాల్లో వేగి, పైకెగిరి, మంటను తాకి వచ్చినప్పుడు పట్టే ఒక వాసన. దాన్ని వాళ్లు కడాయి ఊపిరి అంటారు. సన్నమంట మీద, మందపాటి గిన్నెలో, నాన్‌స్టిక్ మీద అది రాదు. ఇంట్లో యూట్యూబ్ చూసి చేసిన ఫ్రైడ్ రైస్ ఎంత శుచిగా ఉన్నా పులిహోరకు తమ్ముడిలా ఉండిపోవడానికి కారణం ఇదే. చౌరస్తా మాస్టర్‌ను దగ్గరగా చూడండి. ఎడమ చేతిలో మసిగుడ్డ, మసిగుడ్డలో కడాయి చెవి. కుడి చేతిలో పొడుగు గంటె. గంటెతోనే నూనె తోడతాడు, గంటెతోనే ఉప్పు, మిరియాలపొడి, టేస్టింగ్ సాల్ట్ తీస్తాడు. డబ్బాల వైపు చూడడు. గుడ్డు ఒంటిచేత్తో అంచుకు కొట్టి వదులుతాడు. అన్నం పడుతుంది. బర్నర్ గొంతు పెరుగుతుంది. అంచు దాటి వచ్చిన మంట నూనె ఆవిరిని అందుకుని అరక్షణం కడాయిలోపలే తాండవం చేస్తుంది. పిల్లలు ఫోన్లు తీసేలోపు అది అయిపోతుంది. గంటె అంచుకు టకటక రెండు దెబ్బలు పడితే ప్లేటు తయారైనట్టు.

ఈ ఎగరేయడం మీద నేనొక్కణ్నే శాస్త్రం రాస్తున్నానని పొంగిపోతుంటే, అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు హంగ్‌టాంగ్ కో, డేవిడ్ హు ముందే రాసేశారని తెలిసింది. 2020లో రాయల్ సొసైటీ వారి పత్రికలో అచ్చయింది. నేను వెటకారంగా చేసిన పనిని వాళ్లు సీరియస్‌గా చేశారు. వంటవాళ్లను వీడియో తీసి లెక్కకట్టారు. వంటవాడు కడాయిని పొయ్యి మీద నుంచి పూర్తిగా ఎత్తడు. పొయ్యి అంచునే ఆనుకుని ముందుకూ వెనక్కూ జరుపుతూ, అదే సమయంలో పైకీ కిందికీ ఊపుతాడు. సెకనుకు దాదాపు మూడుసార్లు. మెతుకు కాలే ఇనుమును వదిలి గాల్లో ఉండే ఆ కాస్త వ్యవధే దాన్ని మాడకుండా కాపాడుతుంది. చాటలో బియ్యం చెరిగే చేతిని చూసి పెరిగినవాళ్లకు ఈ కదలిక కొత్తేమీ కాదు: తోయడం, కొస ఎత్తడం, గుంజడం. కాకపోతే చాట కింద మంట ఉండదు, చాట బరువు భుజాన్ని లాగదు. ఈ వంటవాళ్లలో భుజం నొప్పులు ఎక్కువనే సంగతే ఆ పరిశోధకులను ఇందులోకి దింపింది. మన పురాణాల్లో నలుడికి అగ్ని వరమిచ్చాడు, భీముడికి భుజబలముంది. బండి మాస్టర్‌కు నలుడి మంట కావాలి, భీముడి భుజం కావాలి. జీతం మాత్రం ఒక్కడిదే.

ఇందులో ఒక విరోధాభాస. కాళ్ల కింద బొగ్గు. ఊరి చుట్టూ బొగ్గు. కాలనీ క్వార్టర్లలో ఒకప్పుడు వంటంతా బొగ్గుపొయ్యి మీదే. అయినా బండి కింద మండేది 19 కిలోల కమర్షియల్ గ్యాస్ సిలిండరే. బొగ్గు మంటకు ఈ వేగం తెలియదు. అది మెల్లగా అందుకుంటుంది, అందుకున్నాక ఆగమంటే ఆగదు. అయితే బొగ్గు బండిని పూర్తిగా వదిలేయలేదు. పైన వేలాడే బల్బులోకి దొంగదారిన వస్తుంది, పక్కనే ఉన్న ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం గుండా.

సిలిండర్ ప్రస్తావన వచ్చింది గనుక భద్రతా ప్రకరణం. గనిలో పేలుడు జరపాలంటే షాట్‌ఫైరర్‌కు సర్టిఫికెట్ ఉండాలి. గ్యాస్ ఉందో లేదో చూడాలంటే సర్దార్‌కు గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ ఉండాలి. బండి దగ్గర లైటర్ ఉంటే చాలు. ఈ తేడా బాగా తెలిసినవాడు ఒక మైనింగ్ సర్దార్. ఎప్పుడొచ్చినా స్టూలు ఎత్తుకుని గాలి ఎటు వీస్తుందో చూసి సిలిండర్‌కు ఎగువన వేసుకుంటాడు. ట్యూబు వైపు ఒకసారి చూస్తాడు, తలపైకి చూస్తాడు. పైన టార్పాలిన్ తప్ప ఏమీ లేదని గుర్తొచ్చి కూర్చుంటాడు. రూఫ్ చూడకుండా కూర్చోవడం ఆయనకు చేతకాదు.

అజినమోటో, అంటే టేస్టింగ్ సాల్ట్, విషయం త్వరగా తేల్చేద్దాం. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి దాని రుచిని వేరుచేశాడు. 1968లో అమెరికాలో ఒక చైనా డాక్టర్ వైద్య పత్రికకు ఉత్తరం రాస్తూ, చైనా హోటల్లో తిన్నాక మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయని, కారణం ఇదో ఉప్పో సోయాసాసో అని సందేహం వెలిబుచ్చాడు. సందేహం మిగతావాటిని వదిలి దీని ఒక్కదాని మీదే స్థిరపడి అపకీర్తి అయింది. తర్వాత జరిగిన జాగ్రత్తైన పరీక్షల్లో ఆ నేరం గట్టిగా రుజువు కాలేదు. ఖనిలో ఈ పరీక్ష అసలే కుదరదు. హెల్మెట్‌కు క్యాప్‌ల్యాంపు తగిలించుకుని ఎనిమిది గంటలు వంగి పనిచేసి వచ్చినవాడి మెడ తిమ్మిరెక్కితే దోషం టేస్టింగ్ సాల్ట్‌దని ఏ మీమాంసకుడు తేల్చగలడు?

మందమతుల సంగతి చెబుతానన్నాను. పార్శిల్ కట్టించుకునేవాడు సిల్వర్ కవరులో నూడుల్స్, చిన్న కవరులో ఉల్లిగడ్డ, నిమ్మచెక్క పట్టుకుని యైటింక్లైన్ కాలనీ దాకా బైకు మీద పోతాడు. దారిలో కవరులోపల ఆవిరి నీరవుతుంది, నీరు నూడుల్స్‌లోకి దిగుతుంది. ఇంట్లో విప్పేసరికి కడాయి ఊపిరి ఆగిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ పెనం మీద వేడిచేసి పిల్లలకు పెట్టే తల్లిది మాత్రం పుణ్యకార్యమే, శాస్త్రం అడ్డుచెప్పదు.

చివరి ప్రకరణం మానం, అంటే హాఫ్, ఫుల్. సింగరేణి బొగ్గు కంపెనీ లాభాల్లో వాటా పంచిన వారం ఖనిలో హాఫ్ అన్న మాట వినపడదు. 2024 దసరాకు ముందు 33 శాతం కింద 796 కోట్లు కార్మికుల ఖాతాల్లో పడ్డాయి. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా తలా 5000 ఇచ్చారు. రెండు అంకెల మధ్య ఎంత దూరముందో తెలుసుకోవడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు, స్టూళ్ల మధ్య నిలబడితే చాలు. పర్మినెంటాయన ముందు ఫుల్ చికెన్ ఫ్రైడ్ రైస్, పక్కన చికెన్ 65. అదే ఓపెన్‌కాస్టులో అదే షిఫ్టు చేసి వచ్చిన కాంట్రాక్టు కుర్రాడి ముందు సింగిల్ ఎగ్. 1990ల మొదట్లో కంపెనీలో లక్షా పదహారు వేల మంది ఉండేవాళ్లు, ఇప్పుడు సుమారు నలభై వేలు. ఖాళీ అయిన స్టూళ్ల మీద కూర్చునేది ఈ కుర్రాళ్లే కాబట్టి మానశాస్త్రాన్ని ముందుకు నడిపింది కూడా వాళ్లే. వాళ్లు కనిపెట్టిన మొదటి సిద్ధాంతం: రెండు హాఫ్‌లు కలిస్తే ఒక ఫుల్ కన్నా ఎక్కువ. ఎందుకంటే హాఫ్ వేసేటప్పుడు మాస్టర్ చెయ్యి సగం దగ్గర ఆగలేదు, ఇంకాస్త దొర్లిస్తుంది. దీని లోపం, రెండు హాఫ్‌ల ధర కూడా ఫుల్ కన్నా ఎక్కువే. రెండో సిద్ధాంతం ఆ లోపాన్ని సవరించింది. ఒక ఫుల్ చెప్పి, వన్ బై టూ అని రెండు ప్లేట్లలో పెట్టమనాలి. ఎదురుగా ఇద్దరు నిలబడి చూస్తుంటే ఏ ప్లేటూ తక్కువ కనపడకూడదని మాస్టర్ కడాయి అడుగున మిగిలింది కూడా గీకి వేస్తాడు.

ఓనర్ ఈ సిద్ధాంతాన్ని ఖండిస్తూ గల్లా పెట్టె మీద 'వన్ బై టూ ఇవ్వబడదు' అని అట్టముక్క రాసి కట్టాడు. మొన్న ఇద్దరు కుర్రాళ్లు దాని కిందే నిలబడి వన్ బై టూ అడిగారు. మాస్టర్ రెండు ప్లేట్లకు కవర్లు తొడుగుతుంటే, బోర్డెందుకు మరి అని పక్కనున్న పెద్దమనిషి ఓనర్ను నిలదీశాడు.

"అది కారులల్ల వచ్చేటోళ్లకు కాకా," అన్నాడు ఓనర్, చిల్లర లెక్కపెడుతూ.